పెళ్లి పందిరికి పూలు, పల్లె సొగసు: ఎంపికకు ముందు తెలుసుకోవలసిన సంగతులు

తెలుగునాట పెళ్లి సందడి పందిరి రాటతో మొదలవుతుంది. ముహూర్తానికి కొన్ని రోజుల ముందు శుభఘడియ చూసి రాట నాటి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు, నవధాన్యాల మూట కడతారు. ఆపై తాటాకో కొబ్బరి మట్టో కప్పి, గుంజలకు గెలలతో ఉన్న అరటి చెట్లను నిలిపి, గుమ్మానికి మామిడి తోరణం కడితే అది పెళ్లివారి ఇల్లని ఊరంతటికీ తెలిసేది. తెలంగాణ పల్లెల్లో పందిరిపై మామిడి, నేరేడు వంటి చెట్ల కొమ్మలు పరచి దానిని పచ్చని పందిరి అంటారు. ఈ సామగ్రిలో దూరం నుంచి తెప్పించవలసినది దాదాపు ఏదీ ఉండేది కాదు. పెరడు, తోట, చెరువుగట్టు, కుమ్మరి ఆవం, మేదరి వాకిలి అన్నిటినీ సమకూర్చేవి.

ఇప్పుడు అదే సామగ్రి 'రస్టిక్ డెకార్' అన్న పేరుతో నగరాల కల్యాణ మండపాలకు, ఊరిచివరి తోటలకు తిరిగి వస్తోంది. ఎడ్లబండి చక్రాలు, ఈత చాపలు, మట్టి కుండలు, లాంతర్లు, ఎండుగడ్డి మోపులు వేదిక చుట్టూ కొలువుతీరుతున్నాయి. విచిత్రమేమంటే, నగరవాసి పల్లె కోసం వెదుకుతున్న ఈ కాలంలోనే అనేక పల్లెల్లో పెళ్లి వేదికలు ప్లాస్టిక్ పూలతో, మెరుపు కాగితాలతో నిండిపోతున్నాయి. రెండుచోట్లా ఎంపిక చేసేవారు ఎక్కువగా చూసేది ఛాయాచిత్రాలనే. పువ్వు ఏ ఋతువులో పూస్తుంది, ఎన్ని గంటలు నిలుస్తుంది, వేదికపై పరచిన గడ్డి దీపాలకు ఎంత దూరంలో ఉంది, మరునాడు ఆ రాశి అంతా ఎక్కడికి పోతుంది అన్న విషయాలు ఛాయాచిత్రంలో కనిపించవు.

ముహూర్తం ఒక నెలలో, పువ్వు మరొక నెలలో

పూల ఖర్చును నిర్ణయించేది పువ్వు జాతి కన్నా పంచాంగమే. మల్లెకు వేసవి అనువైన కాలం. ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం వరకు దిగుబడి పుష్కలంగా ఉంటుంది. చలి ముదిరిన మార్గశిర, పుష్య మాసాలలో తీగ దాదాపు నిద్రపోతుంది. మొగ్గ చిన్నదవుతుంది, ధర అనేక రెట్లు పెరుగుతుంది. అందువల్ల మార్గశిరంలో పెళ్లి పెట్టుకున్నవారు వేదికనంతా మల్లెలతో నింపాలనుకోవడం కన్నా, మల్లెను వధువు జడకు, దండలకు పరిమితం చేసి, వేదికకు చామంతిని ఎంచుకోవడం వివేకం. చామంతి స్వభావం మల్లెకు పూర్తిగా భిన్నం. పగలు కురచబడి రాత్రి దీర్ఘమైనప్పుడే అది మొగ్గ తొడుగుతుంది. అందుకే శీతాకాలం దానికి సహజమైన పూత కాలం. కొన్ని ప్రాంతాల్లో రైతులు రాత్రివేళ పొలంలో విద్యుద్దీపాలు వెలిగించి, మొక్కకు ఇంకా పగలేనన్న భ్రమ కల్పించి, తాము కోరిన వారానికి పూత వచ్చేలా చేస్తారు.

శ్రావణమాసంలో చిక్కు మరో విధంగా ఉంటుంది. ఆషాఢం ముగిసి ముహూర్తాలు తెరుచుకునే వేళకే శ్రావణ శుక్రవారాలు, వరలక్ష్మీ వ్రతం వస్తాయి. ఇంటింటి పూజకూ పెళ్లి పందిరికీ అవే బంతులు, చామంతులు కావాలి. ఓనం పండుగ సమీపిస్తే కేరళ వ్యాపారులు కర్ణాటక, తమిళనాడు పొలాల నుంచి బంతిని భారీగా కొనుగోలు చేస్తారు. దానికి తోడు వానకు తడిసిన పువ్వు బుట్టలోనే కుళ్లుతుంది. మాఘమాసపు ముహూర్తాలకు మరో పోటీదారు ఉన్నాడు: ఫిబ్రవరి 14. హోసూరు, బెంగళూరు పరిసరాల పొడవాటి కాడల గులాబీలు ఆ తేదీకి ముందు విదేశాలకు, మహానగరాలకు తరలుతాయి. ఆ వారంలో వేదికకు ఎర్ర గులాబీలనే పట్టుబట్టడం చేతిచమురు వదిలించుకోవడమే.

ఉత్తరాదిన చాతుర్మాస్యం ముగిసే దేవోత్థాన ఏకాదశితో వివాహాలు ఒక్కసారిగా ప్రారంభమవుతాయి. ఆ కార్తిక దినాల్లో ఢిల్లీ ఘాజీపూర్ పూల మండీలో గిరాకీ పెరిగితే ఆ ప్రభావం దక్షిణాది విపణులనూ తాకుతుంది. తెలుగు రాష్ట్రాల్లో అదే సమయంలో శివాలయాల అర్చనలు, అయ్యప్ప దీక్షలు నడుస్తుంటాయి. ఇందుకు పరిష్కారం ముందస్తు ఒప్పందమే. బంతి నారు నాటిన సుమారు రెండు నెలలకు పూతకు వస్తుంది. కాబట్టి ముహూర్తం మూడు నెలల ముందే ఖరారైతే, దగ్గరలోని రైతుతో మాట్లాడి ఆ తేదీకి పంట అందేలా చూసుకోవచ్చు. రైతుకు కూడా ఇది భరోసా. విపణిలో ధర పడిపోయిన రోజున కోత కూలి సైతం రాక పూలను గట్టున పారబోసే దుస్థితి పూల సాగులో తరచుగా కనిపించేదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు వివాహాలు వాయిదాపడి, కోయని తోటలు కోయనట్లే ఎండిపోయాయి.

ఏ పువ్వు ఎక్కడ నిలుస్తుంది

మల్లె మొగ్గను తెల్లవారకముందో, ఎండ ముదరకముందో కోస్తారు. అది ఆ సాయంత్రమే విచ్చుకుంటుంది. మరునాటికి రంగు మారుతుంది. రాత్రి ముహూర్తానికి ఉదయం కోసిన మల్లె చాలినంత తాజాగా ఉంటుంది. తెల్లవారుజాము ముహూర్తానికైతే ముందురోజు మొగ్గను తడి వస్త్రంలో చుట్టి, అరటి ఆకులో పొదిగి, చల్లని తావులో ఉంచడం పాత పద్ధతి. నేటికీ అంతకన్నా మంచి పద్ధతి గృహస్థుకు అందుబాటులో లేదు. మధురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. కర్ణాటకలో మైసూరు, ఉడుపి, హడగలి మల్లెలకూ ఆ గుర్తింపు ఉంది. మందమైన రేకు, కాస్త పొడవైన తొడిమ ఉన్న మొగ్గ దండకు బాగా ఒదుగుతుంది. దండకు దారం కన్నా తడిపిన అరటి నార మేలు: అది తొడిమను కోయదు, తేమను నిలుపుతుంది.

మల్లెకు తోడుగా కనకాంబరం కట్టడంలో అందంతో పాటు లెక్క కూడా ఉంది. కనకాంబరానికి వాసన లేదు, బరువు లేదు, తల్లో పెట్టుకున్నా చాలాసేపు వాడదు. మరువం, దవనం పూలు కావు, పరిమళపు ఆకులు. జడకు పచ్చదనాన్ని, వాసనను ఇస్తాయి. విరజాజి, కాగడా మల్లె మల్లె అరుదైన నెలల్లో అక్కరకు వస్తాయి. కాగడా మల్లెకు వాసన స్వల్పమన్నది కొనేవారు గుర్తుంచుకోవలసిన విషయం.

బంతి లేని పెళ్లి పందిరిని ఈ ఉపఖండంలో ఊహించలేము. అయినా అది ఇక్కడి మొక్క కాదు. మెక్సికో దాని జన్మస్థానం. పోర్చుగీసు నౌకలు తిరిగిన కాలంలో భారతదేశం చేరింది. లిల్లీ అని పూల అంగళ్లలో అమ్మే నేలసంపెంగ పుట్టిల్లు కూడా మెక్సికోయే. బెంగాలీ వధూవరుల మెడలో రజనీగంధ దండగా, తమిళ, తెలుగు పెళ్లిళ్లలో మందపాటి తెల్లని మాలగా మనం చూస్తున్నది ఈ పువ్వునే. సంప్రదాయం పేరిట కొత్త పువ్వును కాదనేవారికి ఈ రెండు పూల చరిత్ర చెప్పదగినది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన ప్రజ్వల్ వంటి నేలసంపెంగ రకాలు దక్షిణాది రైతులకు పరిచితమే.

బంతికి ఉన్న గొప్ప గుణం ఓర్పు. నీరు లేకున్నా, కాడ లేకున్నా ఒకరోజు పైగా నిలుస్తుంది. అయితే గుట్టగా పోస్తే లోపలి పూలు వేడెక్కి నల్లబడతాయి. వెదురు బుట్టల్లో పలుచగా పరచి, తేలికగా నీరు చిలకరించి ఉంచాలి. నలిగిన రేకు పట్టుబట్టలకు అంటితే మరక వదలదు. వధూవరులు నడిచే దారిలో బంతి రేకులు చల్లించేవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. పెద్ద విదేశీ లిల్లీల మధ్యనుండే గోధుమవర్ణపు పుప్పొడి కూడా అటువంటిదే. దానిని పూలు విచ్చగానే గిల్లివేయాలి.

జెర్బరా, కార్నేషన్, ఆర్కిడ్, ఆంథూరియం వంటివి పాలీహౌస్‌లలో పండి, కాడతో వస్తాయి. వీటిని బకెట్లలో నిలిపే ముందు కాడ చివరను ఏటవాలుగా తిరిగి కోసి, నీటిలో మునిగే ఆకులను తుంచివేయాలి. జెర్బరా కాడ మెత్తనిది. లోతు నీటిలో కుళ్లి వంగిపోతుంది కనుక నాలుగు వేళ్ల నీరు చాలు. గులాబీని ఎంత చల్లగా ఉంచితే అంత నిలుస్తుంది. ఆర్కిడ్, ఆంథూరియం ఉష్ణమండలపు పూలు కావడం చేత ఇంటి ఫ్రిజ్ చలికి మచ్చలు తేలతాయి. పెళ్లి ఇంట తరచుగా జరిగే మరో పొరపాటు ఉంది. విడిదిలో ఒకే గదిలో పండుతున్న అరటి గెలలను, కార్నేషన్, ఆర్కిడ్ బకెట్లను కలిపి ఉంచుతారు. పండే పళ్ల నుంచి వెలువడే ఎథిలీన్ వాయువు ఈ పూలను ముందుగానే వాడ్చేస్తుంది. తెల్లారేసరికి రేకులు ముడుచుకుంటే అంగడివాడిని నిందించడం పరిపాటి. దోషం చాలాసార్లు గదిలోని అరటిపళ్లది.

విషపు పూల విషయంలో ఉదాసీనత తగదు. గన్నేరు దండల్లోకీ పూజకూ వాడే పువ్వే అయినా దాని ప్రతి భాగమూ విషపూరితం. అగ్నిశిఖ చూడ ముచ్చటైనది, దుంప మొదలుకొని అంతా విషమే. వీటిని భోజనపు బల్లలపై, పానీయాల చెంత, చిన్నపిల్లలకు అందే ఎత్తులో ఉంచకూడదు. పూల విపణిలో కొన్న గులాబీ రేకులను మిఠాయిలపై, పానకంపై చల్లడం కూడా సరికాదు. అవి ఆహారంగా పండించినవి కావు. పురుగుమందు ఎంత చల్లారో తెలియదు. ద్వారం వద్ద గంగాళంలో నీరు పోసి పూలు తేల్చినప్పుడు అది తాగునీరు కాదని పిల్లలకు తెలిసేలా ఉండాలి.

ఎంత కొనాలన్నది కొలతతో తేలే విషయం. విడిపూలు కిలోల్లో, కట్టిన పూలు మూరల్లో అమ్ముతారు. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస వరకు, రమారమి ఒకటిన్నర అడుగు. అమ్మే చేయి ఎవరిదన్న దానిపై అది కొంత మారుతుందన్నది కొనేవారందరూ ఎరిగినదే. ఏడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ఉన్న గుమ్మానికి రెండు పక్కలా, పైనా ఒక వరుస కట్టాలంటే 18 అడుగులు, అంటే 12 మూరలు. పైభాగం వంపుగా వేలాడాలంటే మరో మూర కలుపుకోవాలి. మండపానికి ముందుగా ఒక తాడును కావలసిన వంపులతో కట్టి, విప్పి కొలిస్తే అంచనా తప్పదు. హైదరాబాదులో గుడిమల్కాపూర్, గోదావరి జిల్లాల వారికి కడియపులంక ప్రధాన పూల విపణులు. చెన్నైకి కోయంబేడు, బెంగళూరుకు కృష్ణరాజేంద్ర మార్కెట్, ముంబైకి దాదర్, కోల్‌కతాకు హౌరా వంతెన చెంతనున్న మల్లిక్ ఘాట్ అటువంటివే. ఇవన్నీ తెల్లవారుజామున మేలుకునే అంగళ్లు; పొద్దెక్కాక వెళ్లినవారికి మిగులు సరుకే దొరుకుతుంది.

కుండ, చాప, చక్రం

రస్టిక్ అలంకరణలో వాడుతున్న వస్తువులు చాలావరకు తెలుగు వివాహ క్రతువులో ఇప్పటికే పాత్రధారులు. కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చే రంగుల కుండలను తెలంగాణలో ఐరేని కుండలని, కోస్తాలో అరివేణి కుండలని అంటారు. వధువును మేనమామ మోసుకువచ్చే బుట్ట మేదరులు అల్లినది. సన్నికల్లు తొక్కించడం వివాహంలో ఒక ఘట్టం. ఇన్ని ఉండగా, అలంకర్త తెచ్చిన అద్దె కుండలను వేదిక పక్కన బొమ్మల్లా పేర్చి, క్రతువుకు కావలసిన కుండను చివరి నిమిషంలో వెదకడం చాలా పెళ్లిళ్లలో జరుగుతోంది. క్రతువు వస్తువులనే అలంకరణకు కేంద్రంగా నిలపడం ఖర్చు తగ్గించే మార్గం. అర్థవంతమైన మార్గం కూడా. కుండలకు ఎనామిల్ రంగులు కాక సున్నం, జాజు, పసుపు పూయిస్తే వేడుక ముగిశాక అవి మొక్కలకైనా పనికివస్తాయి.

వేదిక వెనుక తెరగా ఈత చాపలు, తాటాకు అల్లికలు, వెదురు తడికలు చక్కగా అమరుతాయి. ముగ్గులు, ఎర్రమట్టి అలికిన గోడ మరో మార్గం. చేతివృత్తుల్లో భౌగోళిక గుర్తింపు పొందిన కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, చేర్యాల చిత్రాలు ఒకటి రెండు చాలు, వేదికకు ఊరి ముద్ర వస్తుంది. వీటిని అద్దెకు తెచ్చే బదులు కొని, వేడుక అనంతరం బంధువులకు కానుకలుగా ఇచ్చేవారు ఉన్నారు. ఎడ్లబండి చక్రం, తిరగలి, కవ్వం, చేట వంటి వాటిని అమర్చేటప్పుడు ఇంటి పెద్దలను ఒక మాట అడగడం మంచిది. చేట లక్ష్మీప్రదమని భావించే ఇంట దానిని కాళ్ల దగ్గర పెడితే మాట పడవలసి వస్తుంది.

అలంకరణకు నెమలి పింఛాలు తెచ్చేవారు చట్టాన్ని తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నెమలికి అత్యున్నత రక్షణ ఉంది. సహజంగా రాలిన పింఛాలకు దేశంలోపల మినహాయింపు ఉన్నప్పటికీ వాటి ఎగుమతి నిషిద్ధం. విదేశంలో జరిగే పెళ్లికి సామానులో సర్దుకుపోవడం కుదరదు. తాజా మామిడాకులు, పూల దండల పరిస్థితీ అంతే. అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాలలో మొక్కల తెగుళ్లు ప్రవేశించకుండా కఠిన నియమాలున్నాయి. తెచ్చినవాటిని విమానాశ్రయంలో తప్పక ప్రకటించాలి, చాలావరకు అక్కడే వదులుకోవలసి వస్తుంది. అక్కడి తెలుగు కుటుంబాలు వస్త్రంతో చేసిన తోరణాలను ఆశ్రయించడానికి ఇది ఒక కారణం.

ఇరుగుపొరుగు పందిళ్లు

దక్షిణాసియా అంతటా వివాహాలంకరణ స్థానిక వృక్షసంపదను అనుసరించే సాగింది. కేరళలో పరలో ధాన్యం నింపి దానిపై కొబ్బరి పూల గుత్తిని నిలుపుతారు. లేత కొబ్బరి ఆకును కురుతోల అంటారు. శ్రీలంక సింహళ వివాహాల్లో వధూవరులు నిలిచే పోరువ అనే వేదికను పూలతో తీర్చిదిద్దుతారు. లేత కొబ్బరి ఆకును మడిచి, చీల్చి చేసే అక్కడి గొక్కొళ అల్లిక ఒక కళ. నేపాల్‌లో వధువు వరుని మెడలో వేసే దండ పూలది కాదు, గరిక దండ. ఎండినా రాలని గడ్డి అది. బెంగాల్‌లో వరుడు ధరించే టోపొర్‌ను షోలా అనే నీటిమొక్క బెండుతో చేస్తారు. థర్మకోల్ పుట్టక పూర్వమే ఉన్న ఈ తెల్లని, తేలికైన పదార్థం మట్టిలో కలిసిపోతుంది; థర్మకోల్ కలవదు.

మిథిలలో నూతన దంపతుల గదిగోడపై స్త్రీలు వెదురును, తామరను చిత్రించే కోహ్‌బర్ చిత్రణే మధుబని చిత్రకళకు మూలాలలో ఒకటి. మహారాష్ట్ర, గుజరాత్ సరిహద్దుల వార్లీలు పెళ్లికి మట్టిగోడపై బియ్యపు పిండితో చౌక్ వేస్తారు. బంగ్లాదేశ్‌లో పసుపు వేడుకకు వధువు ధరించే నగలు సైతం బంతి, గులాబీ పూలవే. ఆ దేశపు పూల సాగుకు జెసోర్ ప్రాంతంలోని గోద్‌ఖాలీ పెట్టింది పేరు. పాకిస్తాన్ పంజాబులో పత్తోకీ పూలకు, నర్సరీలకు ప్రసిద్ధం. హైదరాబాదు ముస్లిం వివాహాల్లో వరుని ముఖం మీదుగా జారే పూల సెహ్రా ఇటు దక్కనుకూ, అటు లాహోరుకూ ఉమ్మడి ఆచారం.

ఆకు కప్పు, విద్యుత్ తీగ

పల్లె అలంకరణను నగరపు మండపానికి తెచ్చేటప్పుడు అందరూ దాటవేసే అంశం అగ్ని భయం. 2004 జనవరి 23న తమిళనాడులోని శ్రీరంగంలో ఒక కల్యాణ మండపంలో ముహూర్తం జరుగుతుండగా నిప్పు ఆకుల పందిరికి అంటుకుని, వరుడు సహా 50 మందికి పైగా మరణించారు. అంతకు ముందు 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక వివాహ మందిరంలో పాఠశాల వేడుక జరుగుతుండగా కృత్రిమ వస్త్రపు షామియానా రగిలి 400 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అక్కడ ఎండిన ఆకు, ఇక్కడ కరిగి మీదపడిన నూలుకాని వస్త్రం. రెండింటిలోనూ విషాదాన్ని పెంచినవి జనసమ్మర్దం, తప్పించుకునే దారి చాలకపోవడం.

పూర్వం పెళ్లి పందిరి ఆరుబయట ఉండేది. నాలుగు వైపులా తెరపి, కప్పిన ఆకు పచ్చిది, వెలిగేవి దూరంగా ఉన్న దీపాలు. నేడు అదే ఆకును, అదీ నెలల తరబడి ఎండినదానిని, పైకప్పున్న గదిలో వేలాడదీసి, దాని మధ్యనుంచి విద్యుత్ తీగలు లాగి, కింద హోమం వెలిగించి, పక్కనే చిత్రీకరణ దీపాలు నిలుపుతున్నారు. తాత్కాలిక పందిళ్ల విషయంలో భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 8758 నియమావళి ఉంది. పందిరి కప్పు ఎత్తు కనీసం 3 మీటర్లు ఉండాలి. పక్క భవనానికీ పందిరికీ మధ్య అన్ని వైపులా ఖాళీ వదలాలి. కృత్రిమ వస్త్రాలు, తాళ్లు వాడరాదు. విద్యుత్ తీగల కింద పందిరి వేయరాదు. అలంకర్తతో ఒప్పందం చేసుకునే రోజునే ఈ నియమాలను ప్రస్తావించడం గృహస్థు హక్కు.

ఎండుగడ్డి మోపులను, ఎండిన తాటాకును హోమగుండానికి, వంటశాలకు, బాణసంచా కాల్చే చోటుకు దూరంగా ఉంచాలి. లాంతర్లలో కిరోసిన్ దీపాల బదులు చల్లని ఎల్ఈడీ దీపాలు పెడితే చూపుకు భేదం తెలియదు. వేదిక చెంత రెండు బకెట్ల ఇసుక, నీరు, అగ్నిమాపక సిలిండరు ఉండాలి. వాటిని ఎలా వాడాలో తెలిసిన మనిషిని ముందే నియమించాలి. అతిథులు బయటికి వెళ్లే దారిలో పూల తోరణం అందంగానే ఉంటుంది. దారిని ఇరుకు చేసే స్వాగత స్తంభాలు మాత్రం వద్దు. పచ్చి మామిడాకు, పచ్చి కొబ్బరి మట్ట, అరటి బోదె నీరున్న పదార్థాలు కనుక తేలికగా అంటుకోవు. పచ్చని పందిరిలో మేలు ఎక్కడ దాగి ఉందో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

తోరణానికి లేత ఎర్రని చివుళ్లు కాక ముదురాకుపచ్చని ఆకులు ఎంచుకుంటే రెండు మూడు రోజులు నిలుస్తాయి. అరటి చెట్లను ముహూర్తపు ముందురోజు సాయంత్రం తెచ్చి, మొదలును తడి గోనెతో చుట్టాలి. గాలికి ఆకు చీలకుండా వాహనంలో ఆకులను పైకి మడిచి కట్టాలి.

వేడుక మరునాడు

కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో ప్రకటించిన నిబంధనల మేరకు 2022 జూలై 1 నుంచి అలంకరణకు థర్మకోల్ వాడకం నిషిద్ధం. బెలూన్లకు తగిలించే ప్లాస్టిక్ పుల్లలు, 100 మైక్రాన్ల కన్నా పలుచని పీవీసీ బ్యానర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ప్లాస్టిక్ పూలు మాత్రం ఆ జాబితాలో లేవు. ఒక్కసారి కొంటే పదేళ్లు వాడవచ్చునన్న వాదన వాటికి అనుకూలంగా వినిపిస్తుంది. దుమ్ము పట్టి, ఎండకు వెలిసి, రెండో మూడో పెళ్లికే చెత్తబుట్టకు చేరేవి వాటిలో అనేకం.

పూలను గుచ్చడానికి వాడే పచ్చటి ఫోమ్ దిమ్మె సంగతి చాలామందికి తెలియదు. నీరు పీల్చుకునే ఆ దిమ్మె మట్టిలా చిదుముతుంది కనుక మట్టిలో కలుస్తుందనుకుంటారు. అది ప్లాస్టిక్. చిదిమిన కొద్దీ సూక్ష్మకణాలై కాలువల్లోకి చేరుతుంది. దాని పనిని అరటి బోదె ముక్క చక్కగా చేస్తుంది: కాడను పట్టి ఉంచుతుంది, తేమ ఇస్తుంది. తడి ఇసుక నింపిన మట్టి మూకుడు, ఇనుప వలను చుట్టి పెట్టిన కుండ కూడా సరిపోతాయి.

పెళ్లి పూలలో కంపోస్టుకు వెళ్లేవి, వెళ్లనివి వేరు చేయడం అలంకరణ విప్పేవారి చేతిలో ఉంటుంది. సన్న తీగలు, నైలాన్ దారాలు, మెరుపు పూతలు కలిసిన దండ ఎందుకూ పనికిరాదు. నారతో, నూలుతో కట్టినది నేరుగా గుంతలోకి పోతుంది. ఆలయాల పూల నుంచి అగరువత్తులు తయారుచేసే పద్ధతిని లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో స్వామివారి సేవలో వాడిన పూలతో అగరువత్తుల తయారీ ప్రారంభించింది. బంతి రేకులను నీడలో ఎండబెట్టి ఇంట వస్త్రాలకు పసుపు రంగు అద్దేవారూ ఉన్నారు. ఒప్పంద పత్రంలో 'అలంకరణ విప్పి తడి చెత్త, పొడి చెత్త వేరుగా అప్పగించవలెను' అన్న ఒక్క వాక్యం చేర్పిస్తే, మండపం వెనుక కాలువలో పూలు కుళ్లే స్థితి తప్పుతుంది.

అరటి బోదెలు, ఆకులు పశువుల కొట్టానికి, వెదురు గుంజలు మళ్లీ మేదరికి చేరతాయి. కొబ్బరి మట్టల ఆకు దూసి, ఈనెలు ఏరి కడితే వాకిలి ఊడ్చే చీపుర్లు తయారవుతాయి.